ద్రాక్షారిష్టానికి లైసెన్సు

మా తాటిమెట్లలో మద్యం దుకాణాలు పదకొండున్నాయి. ఆ పదకొండింటికీ కలిపి ఇంతవరకు ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. పన్నెండోదానికి మాత్రం నలభై ఏడు వచ్చాయి. అందులో నలభై ఆరు నేనే రాశాను. దుకాణానికి అనుమతి కావాలన్న దరఖాస్తు కూడా నేనే రాశాను. మిగిలిన ఆ ఒక్కటీ ఎవరు రాశారో గానీ, ‘తమ దయకై వేచియున్న’ అన్న ముక్క లేకుండానే ముగించేశారు. అలాంటి కాగితాన్ని ప్రభుత్వం ఏ మొహంతో చదువుతుంది?

నా పేరు వరాహాలు. మండల కార్యాలయం గేటు పక్కన రేకుల షెడ్డులో ముప్పై రెండేళ్ళుగా అర్జీలు రాస్తున్నాను. గోడ కట్టుకుంటానన్నవాడికీ నేనే రాస్తాను, ఆ గోడ కూలగొట్టించమన్నవాడికీ నేనే రాస్తాను. ఇందులో తప్పేమీ లేదు. పగవాళ్ళిద్దరూ ఒకే హోటల్లో ఇడ్లీ తింటే హోటలువాడిని ఎవరూ తప్పుపట్టరు కదా.

పన్నెండో దుకాణం ఆండాళ్ళమ్మగారిది. ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు. ఉల్లిపాయ కూడా ముట్టరు. సుంకరవారి వీధిలో, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల, ఆవిడ మామగారు పెట్టిన మూలికల అంగడి ఉంది. ముందు గదిలో శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయ, అతిమధురం. వెనక గదిలో గోడవారగా తొమ్మిది జాడీలు. ద్రాక్షో, దశమూలాలో కషాయం కాచి, బెల్లం కలిపి, ధాతకీ పూలు వేసి, మూతికి గుడ్డ కట్టి, మట్టి మెత్తి, నలభై రోజులు కదపకుండా ఉంచితే అరిష్టం తయారవుతుంది. ఆ నలభై రోజుల్లో అది తనంతట తాను పులుస్తుంది. పులిస్తేనే ఔషధం. ఆ జాడీల గోడలు అరవై ఏళ్ళుగా ఆ పులుపు పీల్చుకుని ఉన్నాయనీ, కొత్త జాడీలో ఆ గుణం రాదనీ ఆండాళ్ళమ్మగారు చెప్పేవారు.

అరగనివాళ్ళకు ద్రాక్షారిష్టం, బాలింతలకు దశమూలారిష్టం, పసిపిల్లలకు అరవిందాసవం. అయితే ఆవిడ దగ్గర సీసా కొనడం అంత తేలిక కాదు. ముందు నాలుక చాపమంటారు. తర్వాత నాడి చూస్తారు. నిన్న ఏం తిన్నారో అడుగుతారు. సగం మందిని, “నీకు అరిష్టం ఎందుకు నాయనా, సాయంకాలం పకోడీలు మానెయ్, చాలు” అని ఒట్టి చేతులతో పంపేస్తారు. ఊళ్ళో ఆ పద్ధతికి అందరం అలవాటు పడిపోయాం.

ఆ ఏడాది ఆబ్కారీ శాఖవారు సమగ్ర వర్గీకరణ మాసోత్సవం జరిపారు. వార్డుకొకటి చొప్పున లైసెన్సు లేని మద్యం దుకాణాన్ని పట్టుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా వార్డులో అలాంటిది లేదు. లేదని రాస్తే ఇన్‌స్పెక్టరు పని చేయలేదని అర్థం. అందుకని ఇన్‌స్పెక్టరు త్రివిక్రమరావుగారు మా వీధంతా రెండుసార్లు అటూ ఇటూ నడిచి, చివరికి ఆండాళ్ళమ్మగారి అంగడి ముందు ఆగి, వాసన చూసి, ఒక సీసా కొని, ప్రయోగశాలకు పంపారు. పదిహేను రోజులకు కాగితంతో తిరిగి వచ్చారు. అప్పుడు నేను అక్కడే బల్ల మీద కూర్చుని నాడి చూపించుకుంటున్నాను.

“అమ్మా, మీ ద్రాక్షారిష్టమునందు తొమ్మిది శాతం ఉన్నట్టు రుజువైంది,” అన్నారాయన. ఆయన మామూలుగా మాట్లాడినా ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది. “బీరునందు ఐదు మాత్రమే. అనగా ఈ వీధిలోని వయోవృద్ధులు ప్రతి ఉదయం బీరుకు దాదాపు రెట్టింపు ఘాటైన పానీయం సేవిస్తున్నారని ప్రభుత్వం గమనించింది.”

“రెండు మూతలేనండీ బాబూ. అదీ సమానంగా నీళ్ళు కలుపుకుని, అన్నం తిన్నాక.”

“మోతాదు మా పరిధిలోకి రాదు. శాతమే వస్తుంది.”

“ఇది ఆయుర్వేదం కదండీ?”

“అది వేరే శాఖ. వారి మేడ మా మేడకు ఎదురుగానే ఉంది గానీ మా ఇద్దరికీ ఉత్తర ప్రత్యుత్తరాలు లేవు.” ఆయన గొంతు కొంచెం మెత్తబడింది. “ఇది నింద కాదమ్మా, వర్గీకరణ. ఈ క్షణం నుంచి తమరు మద్య విక్రేత. కాకపోతే లైసెన్సు లేని విక్రేత. నెలలోగా లైసెన్సు పొందాలి. లేనిపక్షంలో జాడీలు ధ్వంసం చేయబడును.”

ఆండాళ్ళమ్మగారు నా చెయ్యి వదిలేసి జాడీల గది వైపు చూశారు. ఇన్‌స్పెక్టరుగారు వెళ్ళాక నాతో ఒక్కటే అన్నారు.

“నన్నేవన్నా అనుకోనీ వరాహాలూ. నా జాడీలు నాకుండాలి. మా మామగారు పోతూపోతూ తాళం నా చేతిలో పెట్టారు. ఏం రాస్తావో రాయి.”

దరఖాస్తు ఇరవై రెండు పేజీలు. నా జీవితంలో అంత అందమైన ఫారం చూడలేదు. ‘విక్రయించదలచిన రకములు’ అన్నచోట ‘దశమూలారిష్టము, బాలింతలకు’ అని రాశాను. ‘కూర్చుని సేవించుటకు వసతి’ అన్నచోట ‘బల్ల ఒకటి, ఒక కాలు విరిగినది’ అని రాశాను. ‘సేవించువారి కనీస వయస్సు’ అన్నచోట ఆగి ఆవిడని అడిగాను.

“ఆర్నెల్లు,” అన్నారు ఆండాళ్ళమ్మగారు.

ఆ కాగితం చూసి త్రివిక్రమరావుగారు కుర్చీలోంచి లేచారు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివారికి మద్యం విక్రయించరాదు, అది నేరం అన్నారు. పసిపిల్లల అరవిందాసవం ఆ పూటే ఆగిపోయింది. మరి ఇరవై ఏళ్ళ బాలింత వస్తేనో అని నేను అడిగాను. ఆయన పుస్తకం తిరగేశారు. పెళ్ళికి పద్దెనిమిది చాలు, ప్రసవానికి చట్టంలో పరిమితి చెప్పలేదు, అరిష్టానికి మాత్రం ఇరవై ఒకటి తప్పదు అన్నారు. కావాలంటే ఆ అమ్మాయి ఒక ఏడాది ఆగి పుచ్చుకోవచ్చునట.

ఇంకో చోట పూచీకత్తు కింద ఏం చూపిస్తారని ఉంటే, ఆండాళ్ళమ్మగారి ఇల్లు రాసేశాను. దాని కింద చీమల బారులాంటి అక్షరాల్లో ఏదో ఉంది. నేను చదవలేదు. రాసేవాడికి చదివే అలవాటు ఉండదు. ముప్పై రెండేళ్ళలో నా దగ్గరికొచ్చిన ఏ కాగితమూ నేను చదవలేదు, అన్నీ రాశాను. ఈ సంగతి చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ అప్పుడు ఉండేది కాదు.

దరఖాస్తు అందగానే అంగడి తలుపుకు పసుపు కాగితం అంటించారు. ‘ఇచ్చట మద్యం దుకాణం ప్రతిపాదించడమైనది. అభ్యంతరములున్నవారు పదిహేను దినములలోగా తెలుపవలెను.’

మొదట వచ్చింది హెడ్‌మాస్టరుగా చేసి దిగిపోయిన సింహాద్రి మాస్టారు. ఆ అంగడి బల్ల మీద రోజూ పొద్దున్న రెండు మూతలు పుచ్చుకునేది ఆయనే.

“వరాహాలూ, మన వీధిలో మద్యం దుకాణం ఏవిటయ్యా? పిల్లలు చెడిపోరూ?”

“అది ఆండాళ్ళమ్మగారి అంగడేనండి మాస్టారూ.”

“తెలుసయ్యా, ఇందాకే పుచ్చుకుని వస్తున్నాను. కానీ కాగితం మీద మద్యం అని ఉందా, లేదా? కాగితం మీద ఉన్నదానికి కాగితం మీదే అభ్యంతరం చెప్పాలి. అది పౌర ధర్మం.”

ఆ వాదన నాకు నచ్చింది. ఆయనకు ఒకటిన్నర పేజీ రాసిచ్చాను. ఆ తర్వాత మద్యపాన వ్యతిరేక మహిళా సంఘం అధ్యక్షురాలు మంగతాయారుగారు వచ్చారు. ఆవిడ ముగ్గురు పిల్లల పురుళ్ళకూ ఆండాళ్ళమ్మగారి దశమూలమే పుచ్చుకున్నారు. ఆ మాట ఆవిడే చెప్పి, కళ్ళు తుడుచుకుని, “ఏం చెయ్యనండీ, మా సంఘం తీర్మానంలో ‘ఏ దుకాణమైనా’ అని ఉంది. ‘ఆండాళ్ళమ్మగారిది తప్ప’ అని రాసుకోలేదు మేము” అన్నారు. ఆవిడకు రెండు పేజీలు. పన్నెండో రోజున వైన్స్ చంటిబాబు కారు దిగాడు. ఊళ్ళో ఉన్న పదకొండు దుకాణాల్లో ఏడు అతనివే.

“ఆవిడ రెండు మూతలు మించొద్దంటదంట కదండీ?” అన్నాడు.

“అవును.”

“మరి యాపారం చేసే పద్ధతేనా అదీ? ఈయేళ రెండు మూతలంటది. రేపు జనం అదే అలవాటు పడి నా కొట్టుకొచ్చి కూడా రెండు మూతలు పొయ్యమంటే నా గతేంటండి? మీరు గట్టిగా రాయండి.”

గట్టిగానే రాశాను. ‘పరిమితముగా సేవించుడని ప్రచారము చేయుట తోటి వ్యాపారుల పొట్టగొట్టుట’ అన్నాను. అంతటితో ఊరుకోక, ‘ఇంట తయారైన సరుకు నాణ్యతకు పూచీ ఎవరిది? ప్రభుత్వ గోదాము ముద్ర లేని ద్రవమును ప్రజల గొంతులో పోయుట భావ్యమా?’ అని కూడా తగిలించాను. ఆ వాక్యం రాశాక నాకే ఒళ్ళు పులకరించింది. మా ఆవిడకు చదివి వినిపించాను కూడా. ఆవిడ, “ఆండాళ్ళమ్మగారి మీదేనా ఇది?” అని అడిగి, గ్లాసు అక్కడ పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒకరి మీద కాదు, సూత్రం మీద అని నేను వెనకాల నుంచి చెప్పాను.

తర్వాత కొలతలకు సర్వేయరు వచ్చాడు. గుడికీ మద్యం దుకాణానికీ మధ్య నూరు మీటర్లు ఉండాలని నియమం. వీధి చివరి రామాలయం నూట పన్నెండు మీటర్లు వచ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఇంతలో సర్వేయరుకు అంగడి లోపలి గూట్లో దీపం కనిపించింది. గూట్లో ధన్వంతరి పటం. పూలు, అగరొత్తులు, చిన్న గంట. అతను టేపు మళ్ళీ విప్పి కొలిచాడు. గల్లాపెట్టె నుంచి దేవుడికి మూడడుగుల రెండంగుళాలు.

త్రివిక్రమరావుగారిని పిలిపించారు. దేవుణ్ణి నూరు మీటర్ల అవతలికి తరలించమన్నారాయన.

“ఆయన్ని పంపేసి నేనిక్కడ ఏం చేస్తానండీ? వైద్యం ఆయనది. నేను సీసాల్లో పోసేదాన్ని.”

ఆ మాటతో ఇన్‌స్పెక్టరుగారి ముఖం వికసించింది. “అట్లయిన మార్గం దొరికింది. వీరిని దేవుడిగా కాక వైద్యుడిగా చూపుదాం. అనగా సిబ్బంది. సిబ్బంది దుకాణంలో ఉండవచ్చు.” ఫారం పందొమ్మిదో పేజీలో సిబ్బంది వివరాల కింద ‘శ్రీ ధన్వంతరి, పురుషుడు, నాలుగు చేతులు’ అని నమోదు చేశారు. తర్వాత పటం దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని చూశారు.

“చేతిలో ఆ పాత్ర ఏమిటి?”

“అమృత కలశం బాబూ.”

“శాతమెంత?”

ఆండాళ్ళమ్మగారు నా వైపు చూశారు. నేను పటం వైపు చూశాను. ఇన్‌స్పెక్టరుగారు ‘నమూనా లభ్యం కాలేదు’ అని రాసుకున్నారు.

విచారణ కల్యాణ మండపంలో జరిగింది. నలభై ఏడు అభ్యంతరాలూ చదివారు. నా రచనలన్నీ మైకులో వినిపిస్తుంటే ముందు వరసలో కూర్చుని తల ఊపుతూ ఉండిపోయాను. ఆండాళ్ళమ్మగారు రెండు వరసల వెనక, జపమాల తిప్పుకుంటూ కూర్చున్నారు. ఒక్కో అభ్యంతరానికీ ఆవిడ చెయ్యి ఆగి, మళ్ళీ కదిలేది. ఆఖరున త్రివిక్రమరావుగారు ఉత్తర్వు చదివారు.

“అభ్యంతరదారులు లేవనెత్తిన అంశములు మిక్కిలి విలువైనవి. కావున వాటినన్నింటినీ షరతులుగా స్వీకరించి లైసెన్సు మంజూరు చేయడమైనది.”

మండపం అంతా చప్పట్లు కొట్టింది. అభ్యంతరం పెట్టినవాళ్ళూ సంతోషించారు, ఎందుకంటే వాళ్ళ మాట నెగ్గింది. పెట్టనివాళ్ళూ సంతోషించారు, ఎందుకంటే ఆండాళ్ళమ్మగారికి లైసెన్సు వచ్చింది. అప్పుడు ఆయన మొదటి షరతు చదివారు. ‘ప్రభుత్వ గోదాము ముద్ర లేని ద్రవమును ప్రజల గొంతులో పోయుట భావ్యము కాదు. కావున లైసెన్సుదారు గోదాము సరుకు మాత్రమే అమ్మవలెను. ఇంట తయారైనది నాటు సరుకుగా పరిగణించి పారబోయవలెను.’

అక్షరం పొల్లు పోకుండా నా వాక్యమే అది.

“అయితే లైసెన్సు వద్దు బాబూ,” అన్నారు ఆండాళ్ళమ్మగారు లేచి.

“మంజూరైన లైసెన్సు రెండేళ్ళ దాకా వద్దనుటకు వీలులేదమ్మా. వద్దన్నచో పూచీకత్తుగా చూపిన ఇల్లు వేలం వేయబడును. తమరు సంతకం చేశారు.” ఆయన చీమల బారు అక్షరాల మీద వేలు పెట్టి చూపించారు.

బుధవారం పొద్దున్న జీపు వచ్చింది. తొమ్మిది జాడీల్లోని సరుకంతా కాలవలో పారబోశారు. వీధి ఆ చివరి దాకా ఎండుద్రాక్ష, లవంగం, బెల్లం కలిసిన వాసన. సింహాద్రి మాస్టారు తమ అరుగు మీద నిలబడి కళ్ళు మూసుకుని పీలుస్తున్నారు. ఖాళీ జాడీలైనా ఉంచమని ఆండాళ్ళమ్మగారు అడిగారు. జాడీ గోడలను గీకి పరీక్షిస్తే నాలుగు శాతం వచ్చిందట. అందుకని జాడీలను వెనక గదిలోనే పెట్టి, తాళం వేసి, లక్కతో సీలు వేశారు. శొంఠి, పిప్పళ్ళ డబ్బాలు కూడా తీసేయమన్నారు, మద్యం దుకాణంలో వేరే సరుకు ఉండకూడదు కనుక. మధ్యాహ్నానికి లారీ వచ్చి బ్రాందీ పెట్టెలు దింపిపోయింది. ఆండాళ్ళమ్మగారు వాటికి పసుపు బొట్టు పెట్టబోయి ఆగిపోయారు.

ఆ వారమే మా అమ్మాయి నీలవేణి పురుడు పోసుకుంది. మగపిల్లాడు. దశమూలం తెమ్మని మా ఆవిడ సీసా చేతికిచ్చి పంపింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళానో నాకే తెలియదు. ఆండాళ్ళమ్మగారు బ్రాందీ సీసాల మధ్య కూర్చుని ఉన్నారు. వీధి అటూ ఇటూ చూసి, చీర చెంగు చాటున శొంఠి పొట్లం నా జేబులో కుక్కారు.

“దీన్ని దంచి బాలింత కాయం చేసి పెట్టమను. ఎవరికీ చూపించకు. ఇది అమ్మితే నా మీద కేసంట.”

ఇలా మా వీధిలో బ్రాందీ బాహాటంగానూ శొంఠి దొంగచాటుగానూ దొరకడం మొదలైంది. మా ఇంట్లో మూడు రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. నాకూ మాట్లాడాలనిపించలేదు.

మొదటి నెలలో ఆండాళ్ళమ్మగారు ఒక్క సీసా కూడా అమ్మలేదు. పక్క పేట నుంచి గిరాకీ రాకపోలేదు. వచ్చినవాడిని నాలుక చాపమనేవారు. నాడి చూసేవారు. “కాలేయం వాచింది నాయనా, నీకు పెళ్ళాం పిల్లలున్నారా? ఈ మజ్జిగ తాగి ఇంటికెళ్ళు” అనేవారు. ఇద్దరు నిజంగానే మానేశారు. ఆ ఇద్దరూ చంటిబాబు ఖాతాదారులే. అతను ఫిర్యాదు పెట్టాడు. ఆ ఫిర్యాదు నేను రాయలేదు, ఆ నెలలో నేను కలం ముట్టలేదు.

త్రివిక్రమరావుగారు తాఖీదు తెచ్చారు. ‘నెలకు మూడు వందల సీసాల కనీస విక్రయ లక్ష్యమునకు గాను విక్రయం సున్నా. పైగా లైసెన్సుదారు మద్యపానమును నిరుత్సాహపరచుచున్నట్లు తెలియవచ్చినది. వచ్చే నెలాఖరులోగా లక్ష్యం చేరనిచో ఇల్లు జప్తు చేయబడును.’

“మొదట అమ్ముతున్నానని పట్టుకున్నారు కదండీ?” అన్నారు ఆండాళ్ళమ్మగారు.

“అప్పుడు లైసెన్సు లేదమ్మా. ఇప్పుడుంది. లైసెన్సు లేనప్పుడు అమ్మడం నేరం, ఉన్నప్పుడు అమ్మకపోవడం నేరం. చట్టంలో ఎక్కడా గందరగోళం లేదు.”

ఆ రోజు సాయంత్రం మా వీధివాళ్ళం సింహాద్రి మాస్టారి అరుగు మీద చేరాం. అభ్యంతరాలు పెట్టినవాళ్ళమే అందరం. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. చివరికి మంగతాయారుగారు, “మూడొందలే కదండీ. మన వీధిలో అరవై ఇళ్ళున్నాయి. ఇంటికి ఐదు” అన్నారు. మరునాడు పొద్దున్న పూలసజ్జ మీద తుండుగుడ్డ కప్పుకుని వరసలో మొదట నిలబడింది ఆవిడే.

తీరా కొనబోతే ఆండాళ్ళమ్మగారు అమ్మరు.

“నీకెందుకే మంగతాయారూ ఇది?”

“మా ఆయన కోసవండీ.”

“మీ ఆయన పోయి నాలుగేళ్ళైంది కదే తల్లీ.”

మంగతాయారుగారు సజ్జ మీద తుండుగుడ్డ సర్దుకుని, “అయితే నేనే తాగుతానండీ. అలవాటైపోయింది” అన్నారు. వెనక నుంచి సింహాద్రి మాస్టారు ముందుకొచ్చి, తనకు ఇరవై ఏళ్ళుగా వ్యసనం ఉందనీ, బడిలో కూడా బీరువాలో దాచుకుని తాగేవాడిననీ చెప్పారు. ఆ అబద్ధం ఆయన గోడ వైపు చూస్తూ చెప్పారు, ఎందుకంటే ఆ బడిలో చదివినవాళ్ళు వరసలో పదిమంది ఉన్నారు. నా వంతు వచ్చింది. చీకటి పడితే చేతులు వణుకుతాయని చెప్పాను. ఆండాళ్ళమ్మగారు నా చెయ్యి పట్టుకుని నాడి చూశారు. నాడి ఏం చెప్పిందో గానీ ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐదు సీసాలు సంచిలో పెట్టి ఇచ్చారు.

ఆ నెల మూడు వందలు దాటింది. మరుసటి నెలకు శాఖవారు లక్ష్యం ఆరు వందలు చేశారు, ఆదరణ బాగుంది కనుక. అదీ దాటించాం. సీసాలు మంచాల కింద పెట్టాం, అటకల మీద పెట్టాం, బియ్యం డబ్బాల్లో పెట్టాం. మంగతాయారుగారి పూజగదిలో దేవుళ్ళ వెనక యాభై దాకా ఉండేవి. ఎవరమూ ఒక్క మూత కూడా తియ్యలేదు. ఆ పై నెల వెయ్యి దాటాక ఆండాళ్ళమ్మగారికి సన్మానమని కబురొచ్చింది. తలసరి వినియోగంలో మా సుంకరవారి వీధికి జిల్లాలో ప్రథమ స్థానం వచ్చిందట.

సన్మానానికి సూపరింటెండెంటుగారు స్వయంగా వచ్చారు. ఆయన త్రివిక్రమరావుగారికి పై అధికారి. మండపం కిక్కిరిసింది. ఆండాళ్ళమ్మగారికి శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, మా వీధి చైతన్యాన్ని మిగతా వీధులు ఆదర్శంగా తీసుకోవాలని మాట్లాడారు. తర్వాత ఆవిడని కూడా రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ మైకును దూరంగా పట్టుకుని మాట్లాడారు, అయినా అందరికీ వినపడింది.

“బాబూ, మా వీధిలో ఎవరూ తాగరండీ. నా ఇల్లు పోకూడదని కొన్నారు. వీళ్ళ పిల్లలకి పాలు తగ్గించి కొన్నారు. మూత కూడా తియ్యలేదు ఒక్కరూ. కావాలంటే వచ్చి చూడండి, మంచాల కిందున్నాయి. ఇంత అబద్ధం నేను మొయ్యలేనండీ.”

ఇక అయిపోయింది, ఇల్లూ పోయింది, మా అందరి మీదా కేసు పడిందనుకున్నాను. త్రివిక్రమరావుగారి ముఖం పాలిపోయింది. సూపరింటెండెంటుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

“అంటే కొంటున్నారు,” అన్నారు నెమ్మదిగా, “కానీ సేవించడం లేదు?”

“అవునండీ.”

“ఆదాయం వస్తోంది. ఆరోగ్యం చెడడం లేదు. గొడవలు లేవు, ఆసుపత్రి ఖర్చు లేదు.” ఆయన లేచి నిలబడ్డారు. “అమ్మా, ఒకవైపు అమ్మకం పెంచాలి, మరోవైపు తాగుడు తగ్గించాలి అని ఉత్తర్వులు వస్తుంటే, రెండూ ఎలా సాధ్యమని ఇరవై ఏళ్ళుగా మా శాఖ కొట్టుమిట్టాడుతోంది. దారి మీరు చూపించారు. ఈ పద్ధతిని ప్రతి వీధికీ విస్తరింపజేయాలని రేపే పైకి రాస్తాను. మీ పేరే పెడతాం.”

చప్పట్లు మోగిపోయాయి. త్రివిక్రమరావుగారు కర్చీఫుతో ముఖం తుడుచుకుని అందరికంటే గట్టిగా కొట్టారు. నా చేతులూ కదిలాయి, తెలిసి ఆపుకున్నాను.

“శాఖ తరఫున మీకేం కావాలో కోరుకోండమ్మా,” అన్నారు సూపరింటెండెంటుగారు. “ఏదైనా సరే.”

“నాకింకేం వద్దు బాబూ. ఆ వెనక గది సీలు తీసి నా జాడీలు నాకిప్పించండి. వరాహాలుగారి అమ్మాయి పురిటికి ఇవ్వలేకపోయాను, ఇక వచ్చే బాలింతలకైనా ఉంటుంది. నలభై రోజుల్లో దించుకుంటాను.”

ఆయన వంగి త్రివిక్రమరావుగారితో చాలాసేపు గుసగుసగా మాట్లాడారు. ఒక కాగితం తిరగేశారు. ఇంకోటి చూశారు. తల ఎత్తినప్పుడు ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది.

“అదొక్కటీ కుదరదమ్మా,” అన్నారు. “అది కొన్నవాళ్ళు తాగుతారు.”